పదిసార్లు కలిపిన లేఖ

శంఖదుర్గం ఆ ఉదయం ఎంత అందంగా ఉందంటే, దాన్ని ముంచేయాలని ఒక మనిషికి ఎలా బుద్ధి పుట్టిందా అని ఆశ్చర్యం వేస్తుంది. పాలరాతి కొండ, దాని మీద పాలరాతి కోట. లేత ఎండ తగిలి బురుజులన్నీ పసుపు రాసిన గడపల్లా మెరుస్తున్నాయి. కొండ చుట్టూ పాముమెలికలా తిరిగిన లోయలో దవనమూ మరువమూ అడవిమల్లెలూ పోటీపడి పూసి, ఆ వాసన నది దాటి ఇవతలి గట్టుదాకా వస్తోంది. లోయకు ఎగువన రెండు కొండల నడుమ గజసముద్రమనే మహాతటాకం నీలి పట్టు పరచినట్టు నిశ్చలంగా ఉంది. దాని కట్టకు మాత్రం అప్పటికే ఏడుచోట్ల గునపాలు దిగాయి.

కోటలో ఉన్న రాజకుమారి హేమరేఖకు ఆ గునపాల సంగతి తెలియదు. ఆమెను నమ్ముకుని నాలుగువందల మంది ఉన్నారు, వాళ్లలో సగం పిల్లలూ ముసలివాళ్లూ. తెలిసినవాడు నదికి ఇవతల, ఇసుకలో, బోనులో పులిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతను హేమరేఖ తమ్ముడు, ముక్తావళీ రాజ్యపు యువరాజు శరభకేతుడు. ఇరవై రెండేళ్లవాడు. కత్తి పడితే పదిమందికి జవాబు చెబుతాడు గాని, ఒకచోట కుదురుగా కూర్చోమంటే ప్రాణం పోయినంత పని.

వాళ్లమీదికి దండెత్తినది కరాళ రాజ్యం. సేన కరాళరాజుదే అయినా బుర్ర మాత్రం మంత్రి ధూమజిహ్వుడిది. వాడు మాంత్రికుడు. సాయంత్రం సూర్యుడు కుంగగానే చెరువు కట్ట తెంపుతాడు. నీళ్లు లోయలోకి దూకితే కోటలోనివాళ్లు ఎత్తుగా కనిపించే నక్క కనుమ వైపు పరుగెడతారు. కరాళసేన మొత్తం అక్కడే పొదల్లో పొంచి ఉంది. బతికే దారి ఒక్కటే. కోటకు వెనకవైపు ఏనుగు వాకిలి ఉంది. కట్ట తెగకముందే ఆ వాకిలి తెరుచుకుని, లోయ దాటి అవతలి గట్టెక్కాలి. ఈ కబురు హేమరేఖకు అందాలి. అందిందని శత్రువుకు తెలియకూడదు. తెలిస్తే పొదల్లో సేన వెనకవైపుకు చుట్టి వస్తుంది.

అయితే కబురు పంపడం ఎలా? ఆ కాలపు రాజ్యాల్లో లేఖాధర్మమని ఒక కట్టుబాటు ఉండేది. ఎంత ఘోరయుద్ధం జరుగుతున్నా గజ్జెల కర్ర పట్టుకుని లేఖ మోసే అంచెవాడిని ముట్టుకోకూడదు, లేఖను ఆపకూడదు. దానికి బదులుగా దారిలో పడే ప్రతి అంచె చావడిలోనూ ఆ లేఖను విప్పి నకలు రాసుకునే హక్కు ఉంది, శత్రువుకైనా సరే. అంటే నువ్వు రాసిన ప్రతి ముక్కా లోకమంతా చూస్తుంది, చూసి ఆపకుండా సాగనంపుతుంది. ఇక రహస్యం కాపాడవలసింది రాతే.

ఆ రాత దగ్గరే యువరాజు రెండుసార్లు బోల్తాపడ్డాడు. నిన్న ఆస్థానపు గూఢలిపిలో రెండు లేఖలు పంపాడు. రెండూ కోటకు చేరేలోగానే ధూమజిహ్వుడు చదివేశాడు. సాయంగా వెళ్లిన ఇరవైమందీ దారిలోనే పట్టుబడ్డారు. యువరాజుకు ఆ ఇరవై ముఖాలూ కళ్లముందు మెదులుతున్నాయి. అది తన తప్పేనని అతనికి తెలుసు, అందుకే కూర్చోలేకపోతున్నాడు.

"ముందు కూర్చోండి దొరా, ఇసుక ఎగిరి నా కళ్లలో పడుతోంది," అంది పోలమ.

పోలమ చిటికి నేసే ఇంటి పిల్ల. చిటికి అంటే నూలును నేయకముందే ముడులు కట్టి రంగులో ముంచడం. ముడి విప్పిన నూలు చూస్తే మరకల కుప్ప. పడుగూ పేకా సరైన వరుసలో కలిస్తేనే అందులోంచి నెమలో, ఏనుగో బయటికి వస్తుంది. పక్క ఊరి సాలెలు తమ బొమ్మలు దొంగిలించకుండా పోలమ ఇంట్లోవాళ్లు ఆ వరుసలను అంకెల్లో దాచి పంపుకునేవారు. ఆ విద్య విని హేమరేఖ ఆమెను పిలిపించుకుని, అదంతా తానూ నేర్చుకుంది. ముట్టడి మొదలయ్యే ముందురోజు కోటలోంచి బయటికి పంపి, తన తమ్ముడికి తోడుండమని చెప్పింది. పిల్ల తోవ తప్పి ఒకరోజు ఆలస్యంగా చేరింది. ఆ ఒక్కరోజులోనే తమ్ముడుగారు రెండు లేఖలు పంపేశారు.

చెరువు సంగతి బయటపెట్టినదీ ఆమే. కరాళ సేనాపతి తన రాజుకు రాసిన లేఖ ఆ తెల్లవారే ఇవతలి చావడిలోంచి వెళ్లింది. నకలు చూస్తే అంతా అయోమయం. పోలమ దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, మీ శత్రురాజు బిరుదులేమిటని అడిగింది. యువరాజు చిరాకుగా చెప్పాడు: జయజయ సమస్తభూమండల గండభేరుండ, పరరాజగర్వ నిర్వాపణ, ఇంకా అలాంటివే మరో డజను. కరాళ రాజ్యంలో ఇల్లు తగలబడుతోందని రాజుకు రాయాలన్నా ముందు ఆ బిరుదులన్నీ రాయాలి, లేకపోతే తల పోతుంది. సేనాపతి గూఢలిపిలో ఒక అక్షరానికి ఎప్పుడూ ఒకటే మారుఅక్షరం. పోలమ ఆ బిరుదులను లేఖ మొదటి వరుసల కింద పేర్చింది. ఏ అక్షరానికి ఏది నిలబడిందో ముప్పై దాకా చేతికి వచ్చేశాయి. మిగతావి అన్నం ఉడికేలోగా వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ఏడు గునపాలూ, నక్క కనుమా, సూర్యాస్తమయమూ అన్నీ అందులో ఉన్నాయి.

యువరాజు పగలబడి నవ్వాడు. పోలమ నవ్వలేదు. "మీ లేఖలూ 'శ్రీమన్మహామండలేశ్వర'తోనే కదా మొదలవుతాయి?" అంది. అతని నవ్వు ఆగిపోయింది.

దానికి తోడు, ధూమజిహ్వుడి దగ్గర పదివేల గోరువంకలు ఉన్నాయి. వాడు మంత్రించి పెంచుకున్నవి. నకలు వాటి ముందు పెడితే ఒక్కో పిట్టా ఒక్కో తాళం, అంటే లిపిని విప్పే అంకెల వరుస, వేసి చదివి చూస్తుంది. అర్థమున్న మాట వచ్చిన పిట్ట కేకవేస్తుంది. ఆస్థానపు లిపికి తాళం మూడు అంకెలు, ఒక్కోటి ఒకటి నుంచి యాభైదాకా. యాభైని యాభైతో, మళ్లీ యాభైతో హెచ్చిస్తే లక్షా పాతికవేల తాళాలు. పిట్టకు పన్నెండో పదమూడో వస్తాయి. ఆవులించి నోరు మూసేలోగా అయిపోతుంది.

"అయితే నాలుగు అంకెలు పెడదాం," అన్నాడు యువరాజు.

ఒక అంకె పెరిగితే పని యాభై రెట్లవుతుంది గాని, పిట్టలకు అర ఘడియ కూడా పట్టదని పోలమ చెప్పింది. పెడితే పదహారు పెట్టాలంది. యువరాజు వెంటనే తన ముద్దుపేరూ, అమ్మ పాడిన జోలపాటా కలిపి పదహారు చేద్దామన్నాడు. అక్కకు కూడా సులువుగా గుర్తుంటుందట. పోలమకు ఒళ్లు మండింది. మాంత్రికుడు ఆ పిట్టలకు మొదట నేర్పినవి అవే: రాజకుటుంబాల పేర్లు, జోలపాటలు, దండకాలు, పుట్టినరోజులు. మనిషికి సులువుగా తట్టేది పిట్టకు ఇంకా ముందే తడుతుంది. తాళమనేది ఎవరి మనసులోంచీ రాకూడదు.

అందుకే కోటలో ఉండగానే ఆమె, హేమరేఖ కలిసి ఒక పని చేశారు. కుండలో యాభై చింతగింజలు వేసి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె గీశారు. కళ్లు మూసుకుని ఒకటి తీయడం, రాసుకోవడం, దాన్ని మళ్లీ కుండలోనే వేసి బాగా కుదపడం, మళ్లీ తీయడం. అలా పదహారుసార్లు. ఆ పదహారు అంకెలు ఇప్పుడు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకామె కోటలో ఉంది, ఒకామె ఇసుకలో కూర్చుంది.

"ఏమిటవి?" అన్నాడు యువరాజు.

"చెప్పను."

అతని ముఖం ఎర్రబడింది. నామీద నమ్మకం లేదా అని అడిగాడు. నమ్మకం నిండుగా ఉందనీ, కానీ తెలియని సంగతి నోరు జారదనీ ఆమె అంది. ఒక నేతపిల్ల చేత అలాంటి మాట పడటం యువరాజుకు అదే మొదటిసారి. కోపం రావాలి గాని రాలేదు, సమయం అలాంటిది. సూర్యుడు అప్పుడే తాటిచెట్టంత ఎత్తుకు ఎక్కాడు.

ఇక పని మొదలైంది. చెబితే ఎవరైనా చేయగలిగిన పని అది, అదే దాని గొప్ప. పోలమ ఇసుకలో నాలుగు అడ్డం, నాలుగు నిలువు, పదహారు గళ్లు గీసింది. లేఖలోని మాటలను ఒత్తులూ గుణింతాలూ విప్పి, ఒక్కో అచ్చుకూ హల్లుకూ ఒక్కో అంకె ఇచ్చి గడికొకటి పెట్టమంది. యువరాజు అలవాటుకొద్దీ 'శ్రీమన్మహా' అని మొదలుపెట్టబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఈ పద్ధతిలో బిరుదులు రాసినా ముప్పేమీ లేదట, కాని రాసేందుకు పొద్దు లేదట. అక్కకు శ్రీకారమైనా లేకుండా రాయడం యువరాజుకు మింగుడుపడలేదు. చివరికి లేఖ మూడు ముక్కలైంది. 'నక్క కనుమ వద్దు' సరిగ్గా పదహారు గళ్లు పట్టింది. 'ఏనుగు వాకిట రండి' కూడా పదహారే. 'చెరువు తెంపుతారు' పదిహేను పట్టి ఒక గడి మిగిలితే, పోలమ అందులో ఖాళీ అని చెప్పే ఒక గుర్తు పెట్టింది.

"ఇప్పుడు నాలుగు పనులు," అంది. "మార్చు, జరుపు, కలుపు, తాళమెయ్యి."

మార్చడమంటే ప్రతి అంకెకూ బదులు ఇంకో అంకె పెట్టడం. దానికొక పట్టిక ఉంది. ఒకటికి ముప్పై ఏడు, రెండుకు తొమ్మిది, అలా వరుసా క్రమమూ లేకుండా యాభై ఉన్నాయి. జరపడమంటే రెండో అడ్డువరుసను ఒక గడి, మూడోదాన్ని రెండు గళ్లు, నాలుగోదాన్ని మూడు గళ్లు పక్కకు తోయడం. అంచు దాటి పడినది ఇటునుంచి మళ్లీ లోపలికి వస్తుంది. కలపడమంటే నిలువు వరుసలో పై అంకెను కింది గడికి కూడడం, వచ్చినదాన్ని దాని కిందికి కూడడం, అడుగున తేలినదాన్ని మళ్లీ పైగడికి కూడడం. యాభై దాటితే మళ్లీ ఒకటినుంచి లెక్క. చివరిది తాళం. ఆ పదహారు రహస్యపు అంకెలను గడికొకటి చొప్పున కూడడం. అప్పుడు మాత్రం పోలమ గుర్రపు జీనుగుడ్డ అడ్డం పెట్టుకుని, యువరాజును నది వైపు చూస్తూ ఉండమనేది.

"అయిపోయిందా?" అన్నాడతను మొదటిసారి గుడ్డ తీయగానే.

"ఒక విడత అయింది. ఇంకా తొమ్మిది ఉన్నాయి."

ఎందుకన్ని అని అతను గోల చేశాడు. పోలమ చెప్పి ఊరుకునే మనిషి కాదు, చేసి చూపించేది. పక్కనే ఇంకో పదహారు గళ్లు గీసి, అదే మాటను ఒక్క మొదటి అక్షరం మార్చి పేర్చింది. ఒక విడత తర్వాత రెండింటినీ పోల్చితే నాలుగు గళ్లలో తేడా కనిపించింది. రెండో విడతకు పదమూడు గళ్లలో. మూడో విడతకు పదహారింటిలో ఒక్కటి కూడా కలవలేదు. ఒక్క గింజ కదిపితే మొత్తం పటమే మారిపోయింది. యువరాజు మోకాళ్లమీద కూర్చుని నోరు తెరిచి చూశాడు. రంగులో ముంచిన నూలు ఎంతసేపు ఉంటే అంత లోపలికి పడుతుందనీ, మూడు విడతలు కలవడానికైతే మిగతావి ఎవడూ వెనక్కి పిండకుండా ఉండటానికనీ ఆమె చెప్పింది.

మార్చే పని మానేసి ఉత్త కూడికలే చేస్తే తొందరగా అవుతుంది కదా అని అతను ఇంకో తెలివి చూపించాడు. కూడికలు మాత్రమే అయితే లెక్కలు తెలిసినవాడు ఒక పూట కూర్చుని తాళాన్ని లాగేస్తాడని, లెక్కకు లొంగని వంకర ఒకటి ప్రతి విడతలోనూ ఉండాలనే ఆ పట్టిక అని ఆమె జవాబిచ్చింది. అప్పుడు యువరాజుకు అసలు భయం పట్టుకుంది. ఈ పట్టికా, ఈ జరపడాలూ ఆ మాంత్రికుడికి తెలిస్తేనో?

"తెలియనివ్వండి," అంది పోలమ. "తాళం ఎలా చేస్తారో ఊళ్లో ప్రతి కమ్మరికీ తెలుసు. అంతమాత్రాన మీ ఖజానా తెరుచుకుంటుందా? దానికి తాళంచెవి ఉండాలి, మనకు ఆ పదహారు అంకెలే ఆ చెవి. ఈ పద్ధతి చావడి గోడమీద రాసిపెట్టినా నాకు దిగులు లేదు."

ఆ మాటతో యువరాజుకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. అతను మారుస్తున్నాడు, జరుపుతున్నాడు, కలుపుతున్నాడు, నది వైపు తిరుగుతున్నాడు, మళ్లీ మారుస్తున్నాడు. జీవితంలో మొదటిసారి ఒకచోట కూర్చున్నాడు, పైగా కూర్చున్నట్టు తెలియనేలేదు. రెండో ముక్క ఎనిమిదో విడతలో ఉండగా మూడో వరుసను రెండు గళ్లకు బదులు ఒక గడే జరిపాడు. పోలమ చూసింది. ఆ పదహారు గళ్లనూ అరచేత్తో చెరిపేసింది. ఒక్క గింజే కదా, సర్దుకోదా అని అతను బతిమాలాడు. ఒక్క గింజ తప్పితే అటు హేమరేఖ విప్పినప్పుడు పదహారూ చెత్తే వస్తుంది. మొదటినుంచి మళ్లీ చేశారు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మూడు ముక్కలూ తయారయ్యాయి. తాటాకు మీద నలభై ఎనిమిది అంకెలు. చూస్తే రాళ్లకుప్పలో రాళ్లకున్నంత అర్థం కూడా వాటికి లేదు.

అంచెవాడు ఎవరు? అంచెవాళ్లంతా నిన్న కత్తులు పట్టి ఆ ఇరవైమందితోనే వెళ్లి పట్టుబడ్డారు. యువరాజు తన ముత్యాల చెవిపోగులు తీసి పోలమ చేతిలో పెట్టాడు. ముఖానికి బొగ్గు పులిమాడు, గోచీ బిగించాడు, గజ్జెల కర్ర పట్టాడు. పోలమ వద్దంది. తాను వెళతానంది. తాళం తెలిసిన మనిషి శత్రువు చావడిలో అడుగు పెట్టడమేమిటని ఆమె నేర్పిన పాఠమే ఆమెకు అప్పజెప్పాడు. ఆమె తాటాకు అతని చేతికి ఇచ్చింది. రేవులో ఉన్న రెండింటిలో ఒక పుట్టి ఎక్కి నది దాటుతుంటే గజ్జెలు ఘల్లుఘల్లుమన్నాయి.

కరాళుల చావడి లోయ అడుగున, సరిగ్గా కోట కిందనే ఉంది. చావడి చుట్టూ చెట్లనిండా వెదురు పంజరాలు. పదివేల గోరువంకల పసుపు ముక్కులు ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి. నడుమ పులితోలు మీద ధూమజిహ్వుడు కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎండిన మునక్కాయలా ఉన్నాడు. మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి సన్నటి పొగ వస్తుంది. మాంత్రికుడి రాయసగాడు తాటాకు అందుకుని నలభై ఎనిమిది అంకెలూ నకలు రాసుకున్నాడు. ధర్మం ప్రకారం అసలు లేఖను బుట్టలో పెట్టి తాడు లాగారు. బుట్ట కోట గోడవైపు ఊగుతూ పైకి పోతోంది. యువరాజు గుండె దానితోపాటే ఊగింది.

అంతా బాగానే జరిగింది. అంచెవాడికి ఇవ్వవలసిన మర్యాదగా ఒక బంటు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. యువరాజు గటగటా తాగాడు. తాగి, పక్కకు కూడా చూడకుండా, ఖాళీ చెంబును కుడివైపుకు చాపి గాలిలో వదిలేశాడు. పుట్టిన దగ్గరనుంచీ అతను అలా వదిలిన ప్రతి చెంబునూ ఎవరో ఒకరు పట్టుకున్నారు. ఇక్కడ పట్టుకునేవాడు లేడు. చెంబు రాతిమీద పడి ఖంగుమని మోగి దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా పులితోలు ముందు ఆగింది.

ధూమజిహ్వుడు చెంబును చూశాడు, చేతిని చూశాడు, బొగ్గు వెనకున్న ముఖాన్ని చూశాడు. "వదిలిన చెంబు పట్టుకోవడానికి నౌకర్లుండే అంచెవాడిని ఇప్పుడే చూస్తున్నా. రా బాబూ యువరాజా," అన్నాడు.

లేఖాధర్మం అంచెవాడిని కాపాడుతుంది గాని వేషం వేసిన యువరాజును కాదు. అరక్షణంలో అతన్ని చావడి స్తంభానికి కట్టేశారు. మాంత్రికుడు ఒక మట్టిమూకుడులో నిప్పులు పోసి ఏదో ఊదారంగు పొడి చల్లాడు. తియ్యటి కుళ్లుపండు వాసనతో పొగ లేచింది. ఆ పొగ పీల్చినవాడి నోట అబద్ధం రాదు, అడిగినదానికి జవాబు చెప్పకుండా నోరు మూసుకోవడమూ సాధ్యం కాదు. యువరాజు ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపని బిగబడతాడు?

"ఈ లేఖను ఎలా మార్చారు?"

యువరాజు పళ్లు కరచుకున్నాడు. అయినా మాటలు తన్నుకుంటూ వచ్చేశాయి. పదహారు గళ్లు, పట్టిక, జరపడం, కలపడం, తాళమేయడం, పది విడతలు, ఏదీ వదలకుండా చెప్పేశాడు. ఒకటికి ముప్పై ఏడు దగ్గరనుంచి యాభైదాకా పట్టిక కూడా అప్పజెప్పాడు, పొద్దుటినుంచీ మార్చీ మార్చీ అది నోటికొచ్చేసింది మరి. రాయసగాడు చెమటలు కక్కుతూ రాసుకున్నాడు. ధూమజిహ్వుడు తొడలు చరుచుకుంటూ నవ్వాడు. విన్నదంతా గోరువంకలకు నేర్పాడు.

"ఇప్పుడు తాళం చెప్పు."

"నాకు తెలియదు," అన్నాడు యువరాజు. అనేసి తనే ఆశ్చర్యపోయాడు. అప్పటిదాకా అవమానంగా తోచిన ఆ జీనుగుడ్డ ఎంత గొప్పదో అతనికి అప్పుడు తెలిసింది. పోలమ అక్కడ ఉంటే కాళ్లమీద పడి దండం పెట్టేవాడు.

మాంత్రికుడు ఇంకాస్త పొడి చల్లాడు. యువరాజు కళ్లవెంట నీళ్లు కారాయి, జవాబు మాత్రం మారలేదు. తాళంలో అంకెలెన్ని అని అడిగితే పదహారన్నాడు. ఎలా ఎంచారని అడిగితే కుండా చింతగింజల సంగతి చెప్పాడు. ఎవరి దగ్గరుందని అడిగేసరికి అతని ఒళ్లు జలదరించింది. అక్కకూ, నది అవతల ఇసుకలో కూర్చున్న పోలమకూ తెలుసని నోరు చెప్పేసింది. ఐదుగురు రౌతులు వెంటనే రేవు వైపు దూసుకుపోయారు. యువరాజు కట్లు తెంచుకోబోయి మణికట్లు కోసుకున్నాడు.

లేఖలో ఏముందని నేరుగా అడిగితే అతని నోరు అదీ చెప్పేసేదే గాని, ఏ లిపినైనా తానే విప్పాలన్న పంతంలో మాంత్రికుడికి ఆ ప్రశ్న తట్టనే లేదు. ఈలోగా పిట్టల పని మొదలైంది. ప్రతి గోరువంకా రెప్పపాటుకొక తాళం వేసి చూస్తోంది. ఒక ఘడియ గడిచింది, కేక లేదు. ఘడియలు గడిచాయి, పొద్దు పడమటికి వాలింది. చావడి అంతా రెక్కల రొదే. ధూమజిహ్వుడు గొణుక్కుంటూ నేలమీద పుల్లతో లెక్క వేయసాగాడు. యాభైని యాభైతో హెచ్చించాడు, దాన్ని మళ్లీ యాభైతో, అలా పదహారు యాభైలు. పుల్ల చావడి గడప దాటింది, మెట్లు దిగింది, పంజరాల కిందిదాకా వెళ్లింది. తర్వాత దాన్ని పదివేల పిట్టలకు పంచి, రెప్పపాట్లను రోజులు చేసి, రోజులను ఏళ్లు చేసి, ఏళ్లను యుగాలు చేసి, యుగాలను కల్పాలు చేశాడు. చివరికి తేలింది పది లక్షల కల్పాలు. బ్రహ్మదేవుడి ఆయుష్షు కూడా అంత ఉండదు. వాడి చేతిలో పుల్ల విరిగింది.

"పద్ధతంతా నా చేతిలో ఉంది, అయినా చదవలేనా?" అని అరిచాడు.

"చదవలేవు," అన్నాడు యువరాజు. అడిగాడు కాబట్టి చెప్పవలసి వచ్చింది. చెప్పడానికి మహా ఆనందంగా కూడా ఉంది.

రౌతులు వట్టి చేతులతో తిరిగి వచ్చారు. ఇసుకలో ఎవరూ లేరట, గళ్లన్నీ చెరిపేసి ఉన్నాయట, రెండో పుట్టి కూడా కనిపించలేదట. ధూమజిహ్వుడు వాళ్లను తిట్టడానికి నోరు తెరిచేలోగా గోరువంకలన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమై తలలు పైకెత్తాయి.

కోటకు అవతల, లోయ దాటాక ఉన్న ఎత్తయిన గట్టుమీద, సాయంకాలపు ఎండలో ఒక జెండా లేచింది. ముక్తావళి వారి తెల్ల జెండా. దాని వెనక ఎడ్లబళ్లు, పిల్లలను భుజాలకెత్తుకున్న ఆడవాళ్లు, మంచాలమీద మోస్తున్న ముసలివాళ్లు, వరుసగా నాలుగువందల మంది. హేమరేఖ పద్ధతిని తిరగేసి, తాళం తీసి, కలిపినది విడదీసి, జరిపినది వెనక్కి తోసి, మార్చినది తిరిగి మార్చి, పది విడతలూ విప్పింది. ఏనుగు వాకిలి తెరిపించి అందరినీ దాటించేసింది. నక్క కనుమ పొదల్లో కరాళసేన ఇంకా దోమలు కొట్టుకుంటూ కూర్చునే ఉంది.

యువరాజుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అక్క బతికింది. నిన్నటి ఇరవైమందినీ తలచుకుని కుళ్లిపోయిన మనసు ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంది.

ధూమజిహ్వుడి ముఖం బూడిదైంది. సూర్యాస్తమయం దాకా ఆగేది లేదు, కట్ట ఇప్పుడే తెంపమని కొమ్ము ఊదించాడు. లోయ ఎగువన ఏడు చోట్ల గునపాలు ఒక్కసారి పడ్డాయి. కొండ కడుపులోంచి వచ్చినట్టు ఒక గర్జన. బంట్లు పంజరాలు తెరిచి పిట్టలను వదిలేసి కొండమెట్ల వైపు పరుగెత్తారు. పదివేల రెక్కలు ఆకాశాన్ని కప్పేశాయి. స్తంభానికి కట్టిన మనిషి సంగతి ఎవరికీ పట్టలేదు.

మాంత్రికుడు కూడా మూడు మెట్లెక్కి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. దూరాన లోయ మలుపులో తెల్లటి నురగ కనిపిస్తోంది. అయినా ఆ కుర్రవాడు నవ్వుతున్నాడు. వాడికి అది అర్థం కాలేదు, అర్థం కానిది వదిలి పోవడం వాడికి చేతకాదు.

"భయం లేదా నీకు?" అని కేకవేశాడు.

మూకుడులో ఊదారంగు పొగ ఇంకా లేస్తూనే ఉంది.

"ఉంది," అన్నాడు శరభకేతుడు. "నాకు ఈత కూడా రాదు. కానీ మా అక్క గట్టెక్కింది, నాకు అంతే చాలు."

ధూమజిహ్వుడు ఇంకేమీ అడగకుండా మెట్లెక్కి పోయాడు. దవనపు మొక్కలను వంచుకుంటూ వచ్చిన మొదటి అల చావడి గడప దాటింది, మూకుడులో నిప్పులు చుయ్యిమని ఆరిపోయాయి. చల్లటి నీళ్లు యువరాజు మోకాళ్లకు తగిలాయి.